టైగరు పురుడు

మా తమ్ముడు ప్రసాదు మొన్నొక రోజు ఫోను చేసి, "అక్కా, నీ దగ్గర అమ్మవి పాత నూలు చీరలేమైనా మిగిలాయా?" అని అడిగాడు. ఎందుకురా అంటే, కోకోకి అన్నాడు. కోకో వాళ్ళింట్లో పెరుగుతున్న లాబ్రడార్ కుక్క. ఇవాళో రేపో ఈనేట్టుందట. వాడు ఇంజినీరుగా చేసి రిటైరయిన మనిషి, ఏ పనైనా పద్ధతిగా జరగాలి. బెజవాడ పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు వాడిది. అందులో ఒక గది మొత్తం ఖాళీ చేయించాడు. కొండపల్లిలో తెలిసిన వడ్రంగి చేత పెద్ద చెక్క పెట్టె చేయించాడు. తల్లి ఒత్తిగిలినప్పుడు పిల్లలు నలిగిపోకుండా లోపల చుట్టూ కమ్మీ కూడా పెట్టించాడు. డాక్టరు ఎక్స్‌రే తీసి ఏడు పిల్లలని చెప్పాడట. పూటపూటా థర్మామీటరు పెట్టి చూస్తున్నాడు. ఇన్ని చేసినవాడికి తీరా ఆ పెట్టెలో పరవడానికి ఇల్లంతా గాలించినా ఒక్క మెత్తటి పాత గుడ్డ దొరకలేదు. "అన్నీ సింథటిక్కే అక్కా. తడి పీల్చవు. కొత్త తువ్వాళ్ళు వేద్దామంటే గరుకు" అని వాపోయాడు.

ఫోను పెట్టేసేముందు, "మౌనిక ఎలా ఉందిరా?" అన్నాను. "బానే ఉంది" అని ఊరుకున్నాడు. మౌనిక వాడి ఒక్కగానొక్క కూతురు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. కిందటేడు ఒక కడుపు నిలవలేదు. అందుకని ఈసారి ఆ ఇంట్లో కుక్క పురుడు గురించి మాట్లాడుకున్నంత ధారాళంగా పిల్ల పురుడు గురించి ఎవరూ మాట్లాడుకోవడం లేదు.

అమ్మ పోయాక ఆవిడ నూలు చీరలు కొన్ని నేను అడిగి తెచ్చుకున్నాను. బీరువా అడుగు అరలో, కలరా ఉండల వాసన మధ్య, ఇన్నేళ్ళూ అలాగే ఉన్నాయి. తీసి మంచం మీద పెట్టి ఒక్కొక్కటీ మడత విప్పుతుంటే ఒక చీర పొరల మధ్యనుంచి చిన్న జుబ్బా జారి పడింది. నా రెండు అరచేతులంత ఉంటుంది. మా నాన్న పాత పంచె చింపి కుట్టింది. వెనక బొత్తాలు లేవు, ముడేసుకోవడానికి సన్నటి నాడాలు. భుజం దగ్గర చిన్న చిరుగు, దాని మీద తెల్ల దారంతో రఫ్ఫు. ఆ చిరుగు మా చిన్ననాటి కుక్క టైగరు పంటి పని. నేను చీరల సంగతి మరిచిపోయి ఆ జుబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

అప్పట్లో మేం ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. పంచదార ఫ్యాక్టరీ నడిచే నెలల్లో మా ఊరి గాలి నిండా చెరుకు మడ్డి వాసన. మొదట్లో తియ్యగా ఉండేది, తరవాత కడుపులో తిప్పేది, ఆ తరవాత అలవాటైపోయి పక్క ఊరికి వెళితే అక్కడి గాలే వెలితిగా అనిపించేది. మాది పెంకుటిల్లు. ముందు వసారా, వెనక పెరడు, పెరట్లో పశువుల పాక. ఇంటి పెత్తనమంతా మా నాయనమ్మది. ఆవిడ పిడకల దాలి మీద పాలకుండ పెడితే మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి, పైన అట్టులాంటి మీగడ కట్టేది. ఆ మీగడ వాసన, మడ్డి వాసన, పాకలోంచి వచ్చే పచ్చిగడ్డి వాసన కలిపితే అది మా ఇల్లు. కళ్ళకి గంతలు కట్టి వదిలినా ఆ ఇంటికి నేను చేరుకునేదాన్ని.

నాయనమ్మకి ఒక గుణం ఉండేది. ఏ మంచినీ మంచి అని నోటితో అనేది కాదు. అంటే ఎవరో వింటారని భయం. ఎవరు వింటారు నాయనమ్మా అంటే చెప్పేది కాదు. పైరు బాగుందని ఎవరైనా అంటే, "ఏం బాగు, తాలు పోగా చూడాలి" అనేది. నేను క్లాసులో ఫస్టు వచ్చానని ఎగురుకుంటూ వస్తే, "మిగతావాళ్ళకి జొరాలొచ్చాయేమో" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. మా అమ్మకి మాత్రం మండేది కాదు, లోపల ఎక్కడో గుచ్చుకునేది. అమ్మ నెమ్మదస్తురాలు. గుచ్చుకున్నది గుచ్చుకున్నట్టే ఉంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

టైగరుని మా నాన్న పామర్రు నుంచి సైకిలు హ్యాండిలుకి సంచి తగిలించి అందులో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఒంటి మీద చారలున్నాయని ఆ పేరు పెట్టాడు. ఆడదని తరవాత తెలిసింది. అప్పటికే పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొచ్చేది కాబట్టి దాని పేరు మార్చలేదు. "టైగరు కడుపుతో ఉంది" అని మా నాన్న చెబితే వీధిలో వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

టైగరు కడుపుతో ఉందని తెలిసేనాటికి మా అమ్మకి కూడా నెలలు. నా తరవాత అమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి పురిట్లోనే పోయాడు. ఆ కాన్పుకి మా అమ్మమ్మ ఎంతో ముందునుంచే అన్నీ అమర్చింది. చొక్కాలు కుట్టింది, బొంతలు కుట్టింది, కొత్త ఉయ్యాల చేయించింది. ఆ ఉయ్యాల ఖాళీగా అటకెక్కింది. కొన్నాళ్ళకి అమ్మమ్మ కూడా పోయింది. మా వైపు ఒక పట్టింపు ఉంది, పుట్టబోయే బిడ్డ కోసం ముందుగా ఏదీ సిద్ధం చెయ్యకూడదని. బిడ్డ ఏడుపు వినపడ్డాకే గుడ్డలు వెతుక్కోవాలి, ఉయ్యాల దించాలి. అమ్మమ్మ అది పాటించలేదని, అందుకే అలా జరిగిందని నాయనమ్మ మనసులో ఉండేది. ఆ మాట అమ్మ ఎదట ఎన్నడూ అనలేదు, అది ఆవిడ మంచితనం. కానీ ఈసారి అమ్మకి వెళ్ళడానికి పుట్టిల్లు లేదు. పురుడు మా ఇంట్లోనే. ఆ ఇంట్లో ఒక బిడ్డ పుట్టబోతున్న జాడ ఎక్కడా లేదు. నేను పెద్దయ్యాక అమ్మ నాతో చెప్పుకుంది, ఆ రోజుల్లో తను ఒకే ఒక్కటి కోరుకునేదట. తన బిడ్డ కోసం ఆ ఇంట్లో తను కాక ఇంకెవరైనా ఎదురుచూస్తున్నారని తెలిస్తే చాలనుకునేదట.

టైగరుకి మాత్రం రాజోపచారాలు మొదలయ్యాయి. నాయనమ్మ పశువుల పాకలో ఒక మూల పేడతో అలికి, వరిగడ్డి మందంగా పరిచి, చలిగాలి రాకుండా గోనెపట్టా కట్టింది. గుమ్మానికి కట్టినట్టు వేపమండలు కట్టింది. రోజూ సాంబ్రాణి పొగ వేసేది. ఇంటి ఆడపిల్ల పురిటికి వస్తే గది ఎలా అమరుస్తారో, ఆ మూలని అలా అమర్చింది. టైగరుకి అదేం నచ్చలేదు. పొగ వేసిన ప్రతిసారీ నాలుగు తుమ్ములు తుమ్మి, నాయనమ్మ వైపు ఒక చూపు చూసి, వసారాలోకి వచ్చి పడుకునేది. "దీనికి సుఖం ఒంటబట్టదు" అని విసుక్కుంటూ ఆవిడ మర్నాడు మళ్ళీ అలికేది.

ఇక గుడ్డలు. నాన్న పాత పంచెలు, తన పాత చీరలు అన్నీ బయటికి తీసి చింపింది. కుంకుడుకాయ పులుసులో నానేసి, బానలో ఉడికించి, బండ మీద ఉతికి, పెరట్లో దండెం మీద ఆరేసేది. ఆరినవాటిని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో సాపు చేసి, తన చెంపకి ఒకసారి ఆనించుకుని చూసి, మడత పెట్టేది. గరుగ్గా అనిపిస్తే మళ్ళీ బానలోకే. పొత్తిగుడ్డలు అన్న మాట ఆవిడ నోట రాలేదు. "కుక్కకి చింకిపాతలు" అనేది. అది కూడా గోడవతల వాళ్ళకి వినపడేంత గట్టిగా. "ఏం పిన్నీ, ఉతుకుతున్నారు?" అని ఎవరైనా అడిగితే, "కుక్క ఈనబోతోందిగా అమ్మా, దానికి" అని మరీ మరీ చెప్పేది. అమ్మ వసారాలో కూర్చుని అవన్నీ వినేది.

తిండి దగ్గర ఇంకా అన్యాయం. పాలు పోసి, బెల్లం వేసి నాయనమ్మ రోజూ రాగిజావ కాచేది. ఇంత గిన్నెలో కాచి, ఇత్తడి గ్లాసు నిండా పోసి తెచ్చి, "అమ్మాయ్, టైగరుకని జావ కాచాను. కాస్త ఎక్కువైంది, నువ్వో గ్లాసు తాగు" అనేది. గుడ్డు ఉడకబెట్టినా అంతే, టైగరుకని ఉడకబెట్టింది మిగిలిందనేది. కుక్కకి చేసినదాంట్లో మిగిలింది ఇంటి కోడలికి. నాకు అప్పటికి ఏడెనిమిదేళ్ళుంటాయేమో, నాకే తప్పుగా తోచింది. అయితే టైగరు సత్తుగిన్నె మోసేది నేనే కాబట్టి ఇంకొకటి కూడా చూశాను. గ్లాసు నిండాకే ఆ గిన్నెలో పడేది. చిక్కటిదంతా గ్లాసులోకి, అడుగున నీళ్ళు పోసి కలిపింది టైగరుకి. చూశాను గానీ, దాని అర్థం నా బుర్రకి అందలేదు.

ఒకరోజు అమ్మ గ్లాసు అందుకోలేదు. "నాకొద్దత్తయ్యా. కుక్కకే పొయ్యండి. ఈ ఇంట్లో దాని కడుపే కదా కడుపు" అంది. అమ్మ అత్తగారితో అంత మాట అనడం నేను ఎప్పుడూ వినలేదు. నాయనమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. చివరికి దాన్ని అమ్మ పక్కన నేల మీద పెట్టి, "పాలు పోసి కాచింది, పారబొయ్యకు" అని పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం జావ తాగింది.

తరవాత కొద్ది రోజులకి ఒక మధ్యాహ్నం అమ్మ వసారాలో మునగాకు దూస్తోంది. నేను పక్కన కూర్చుని పుల్లలు ఏరుతున్నాను. టైగరు పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. ఒకచోట నిలవడం లేదు. నేల గీరుతుంది, చుట్టూ తిరుగుతుంది, మళ్ళీ ఇంకోచోట గీరుతుంది. ఉన్నట్టుండి ఇంట్లోకి దూరి, నాయనమ్మ మంచం కిందనుంచి ఒక పెద్ద మూట నోటితో పట్టుకుని ఈడ్చుకొచ్చింది. అది తన కోసమని ఊరంతా చాటింపు వేసిన మూటే కదా, దాని తప్పేం లేదు. వసారా మధ్యకి వచ్చేసరికి ముడి ఊడి గుడ్డలన్నీ చెల్లాచెదురయ్యాయి. మడతలు మడతలుగా తెల్లటి గుడ్డలు. ఒక కుక్క కాదు, ఊళ్ళో కుక్కలన్నీ ఈనినా సరిపోయేన్ని గుడ్డలు. వాటి అడుగునుంచి జుబ్బాలు బయటపడ్డాయి. టైగరు ఒక జుబ్బా భుజం పట్టుకుని లాగుతుంటే అమ్మ దాని నోట్లోంచి మెల్లగా విడిపించింది. ఒళ్ళో పరుచుకుంది. నాడాలు వేళ్ళతో సవరించింది. మునగాకు చేట్లోనే ఉండిపోయింది.

అప్పుడే పెరట్లోంచి నాయనమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇవేంటత్తయ్యా?" అంది అమ్మ.

"కనపడట్లా? కుక్కపిల్లలకి."

"కుక్కపిల్లలకి జుబ్బాలా?"

"వాటికి మాత్రం చలెయ్యదా ఏంటి?" అంది నాయనమ్మ, గోడ మీది మేకు వంక చూస్తూ.

"కుక్కపిల్లలకి జుబ్బాలేంటి నాయనమ్మా!" అని నేను పగలబడి నవ్వబోయాను. "నువ్వు నోరు మూసుకుని పుల్లలేరు" అని కసిరింది. అమ్మ నా వైపు చూడనే లేదు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. జుబ్బాని చెంపకి ఆనించుకుంది, నాయనమ్మ ప్రతి గుడ్డనీ ఆనించుకున్నట్టే. చివరికి దాన్ని మళ్ళీ ఒళ్ళో పరిచి, "చేతులు కాస్త పొట్టిగా వచ్చాయత్తయ్యా. ఈ కుక్కపిల్లలకి చేతులు పొడుగ్గా ఉండాలి" అంది.

"పాత పంచె, గుడ్డ చాల్లేదు. రేపు ఇంకో పంచె చింపి కుడతాలే" అంది నాయనమ్మ. అని గబగబా వచ్చి గుడ్డలన్నీ పోగు చెయ్యడం మొదలుపెట్టింది. అమ్మ కూడా వంగలేక వంగి సాయం చేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, కానీ ఇద్దరూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. నాకు మాత్రం పెద్దవాళ్ళకి పిచ్చెక్కిందనిపించింది.

వాళ్ళు ఆ హడావిడిలో ఉండగా టైగరు తన పని తాను చూసుకుంది. అలికిన మూల, వరిగడ్డి, వేపమండలు అన్నీ పాకలో వృథాగా ఉండిపోయాయి. అది నాలుగు గుడ్డలు నోట కరుచుకుని అమ్మ మంచం కిందకి దూరింది. సాయంత్రం దీపాలు పెట్టేలోగా ఐదు పిల్లల్ని పెట్టింది. కడుపుతో ఉన్నదానివి దగ్గర ఉండకూడదు లెమ్మని నాయనమ్మ అమ్మని ఎంత కసిరినా అమ్మ కదల్లేదు. పీట వేసుకుని మంచం పక్కనే కూర్చుంది. ఒక్కో పిల్లా కుయ్యిమన్నప్పుడల్లా లెక్కపెట్టుకుంటూ, "అన్నీ బతికే ఉన్నాయత్తయ్యా, అన్నీ కదులుతున్నాయి" అంది. నాయనమ్మ తొంగి చూసి, "ఏం పిల్లలో, ఎలకపిల్లల్లా ఉన్నాయి" అంది. ఇప్పుడు మాత్రం అమ్మకి ఆ మాట గుచ్చుకోలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ కాచిన జావ మొదట టైగరు గిన్నెలో పడింది, చిక్కగా. గిన్నె ఆవిడే స్వయంగా తీసుకెళ్ళి మంచం దగ్గర కూలబడి, దాని తల నిమిరింది. నేను వెనకే ఉన్నానని చూసుకోలేదు. "నీ మీద పెట్టానే తల్లీ. ఏమీ అనుకోకు. నీ పిల్లలు చల్లగా ఉండాలి" అంది. ఆవిడ ఒక మంచి మాటని ఉన్నదున్నట్టు పైకి అనగా నేను విన్నది అదొక్కసారే. ఏ కళ్ళు పడతాయని ఆవిడ జీవితమంతా భయపడిందో, ఆ కళ్ళన్నిటినీ కుక్క వైపు తిప్పి, అన్నాళ్ళూ ఆ నోరులేని జీవానికి ఏమవుతుందోనని కూడా లోపల బెంగపడిందన్నమాట. ఇది నాకు తెలియడానికి నేనే రెండు కాన్పులు దాటాల్సి వచ్చింది.

టైగరు పిల్లలు కళ్ళు తెరిచి వసారా అంతా పాకుతున్న రోజుల్లో ఒక పొద్దున ప్రసాదు పుట్టాడు. అవును, వీడే. మంత్రసాని గుడ్డలేవీ అని అడిగితే నాయనమ్మ, "ముందుగా మేమేం పెట్టలేదమ్మా. కుక్కకని తీసిన చింకిపాతలేవో ఉన్నాయి, అవే తెస్తా" అంది. అని మూటంతా తెచ్చి అక్కడ పెట్టింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మొహంలోకి చూసి, "ఏం పిల్లాడో, కోతిపిల్లలా ఉన్నాడు" అంది. మంచం మీద అమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. టైగరు పన్ను దిగిన జుబ్బాకి నాయనమ్మ రఫ్ఫు చేసి పెట్టింది. వాడికి మొదట తొడిగింది అదే. ఏనాడూ పొగడకుండా అంత ప్రేమించవచ్చని నాకు చూపించిన మనిషికి, మా ఇంటి దిష్టినంతా తన కడుపు మీద మోసిన ఆ చారల కుక్కకి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఇప్పుడు అన్నీ ముందే తెలిసిపోతున్నాయి. కడుపులో కుక్కపిల్లలెన్నో తెలుస్తుంది, బిడ్డ గుండె కొట్టుకోవడం వినపడుతుంది. దీన్ని నేను తప్పు పట్టను. ఇవన్నీ అప్పుడే ఉంటే నాకు ఇంకో తమ్ముడు కూడా ఉండేవాడేమో. కానీ ప్రసాదు ఇంటికి చీరలు తీసుకుని వెళ్ళిన రోజున తెలిసింది, ఎన్ని తెలిసినా భయం మాత్రం ఎక్కడికీ పోలేదని. వాడు కోకో గదిలో థర్మామీటరుతో కుస్తీ పడుతున్నాడు. మౌనిక హాల్లో సోఫాలో కూర్చుని ఫోను చూస్తోంది. నేను పక్కన కూర్చుంటే దాచబోయి, దాచలేదు. ఉయ్యాల, దుప్పట్లు, చిన్న చిన్న టోపీలు, అన్నీ ఏరి పెట్టుకుని ఉంది. "కార్ట్‌లో పెట్టుకున్నానత్తా. ఆర్డరు నొక్కాలంటే చెయ్యి రావట్లేదు" అంది. ఎమ్‌బీఏ చదివిన పిల్ల, పట్టింపులంటే నవ్వే పిల్ల. పరవాలేదు నొక్కవే అని నేను అనలేదు. ఆ కథ కూడా చెప్పలేదు. చెబితే పనిచెయ్యదనిపించింది.

సంచిలోంచి చీరలు తీసి చింపడం మొదలుపెట్టాను. బాగా పాతబడ్డ నూలు చింపుతుంటే చప్పుడు కూడా పెద్దగా రాదు. "అయ్యో, నానమ్మ చీరలు చింపేస్తున్నావేంటి!" అంది. "బీరువాలో పెట్టుకుని ఏం చేసుకుంటానే" అన్నాను. చింపిన ముక్కలు చెంపకి ఆనించి చూసి మడత పెడుతున్నాను. మౌనిక కూడా ఒక చీర అందుకుంది. మడతల దొంతర సోఫా చేతిని దాటి పైకి లేచింది.

"ఒక పెట్టెకి ఇన్ని ఎందుకత్తా?"

"కుక్కకే" అన్నాను, లోపల ప్రసాదుకి కూడా వినపడేంత గట్టిగా. "అన్నీ కుక్కకే."

అప్పుడు సంచి అడుగునుంచి జుబ్బా తీసి దొంతర మీద పెట్టాను. మౌనిక దాన్ని చేతిలోకి తీసుకుంది. నాడాలు చూసింది. భుజం మీద రఫ్ఫు వేలితో తడిమింది. నేను కిటికీ వంక చూస్తూ, "చలేస్తుంది కదా కుక్కపిల్లలకి" అన్నాను.

నేను తల తిప్పి చూసే ధైర్యం చెయ్యలేదు. పక్కనుంచి మౌనిక గొంతు వినిపించింది. "ఏడు పిల్లలని కదత్తా డాక్టరు చెప్పింది. మరి ఒకటే తెచ్చావేంటి?"

మర్నాడు పొద్దున్నే నా కుట్టు మిషను దుమ్ము దులిపి నూనె వేశాను.